పైత్య లవణాలు – నోటి మందుల శోషణ

పైత్య లవణాలు కాలేయంలో కొలెస్టరాల్ నుంచి తయారై, పైత్యరసంతో పాటు చిన్న పేగులోకి చేరే పదార్థాలు. తిన్న కొవ్వును నీటిలో కలిసేలా చేసి, పేగు గోడ పీల్చుకోవడానికి వీలు కల్పించడం వీటి అసలు పని. నోటి ద్వారా వేసుకునే మందుల్లో చాలావాటికి కూడా ఇవి ఇదే పని చేసిపెడతాయి. కొన్ని మందులకు మాత్రం అడ్డుపడతాయి. వేసుకున్న మాత్రలో ఎంత రక్తంలోకి వెళ్తుంది, ఎంత మలంలో పోతుంది అన్నదాన్ని నిర్ణయించే అంశాల్లో పైత్యం ముఖ్యమైనది. మందుల చీటీ మీద కనిపించే ‘తిన్న తర్వాత’, ‘పరగడుపున’ అన్న మాటలకు ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు ఈ విషయంతో రెండు వైపులా సంబంధం ఉంది. నల్లగొండ బోదకాలు ప్రబలిన జిల్లా. ఆ జబ్బు నివారణకు ఇంటింటికీ పంచే రెండు మాత్రల్లో ఒకటి పైత్యం మీద బాగా ఆధారపడుతుంది, రెండోదానికి ఆ అవసరమే లేదు. మరోవైపు జడ్చర్ల, చౌటుప్పల్, మిర్యాలగూడ ప్రాంతాల్లో దేశవిదేశాలకు మందులు, ముడి మందులు పంపే కర్మాగారాలు ఉన్నాయి. పేగులో మందు ఎలా కరుగుతుందన్నది అక్కడి పరిశోధకులకు రోజువారీ ప్రశ్న.

పైత్యరసం పని తీరు

కాలేయం రోజుకు 600 నుంచి 1000 మిల్లీలీటర్ల దాకా పైత్యరసాన్ని స్రవిస్తుంది. భోజనానికీ భోజనానికీ మధ్య అది పిత్తాశయంలో చేరి చిక్కబడుతుంది. మేకనో గొర్రెనో కోసినప్పుడు కాలేయానికి అంటుకుని కనిపించే ఆకుపచ్చని చేదు తిత్తి ఇదే. అది పగిలితే కూరంతా చేదెక్కుతుందని కోసేవాళ్లు జాగ్రత్తగా తీసేస్తారు. ఆ చేదు చాలావరకు పైత్య లవణాలదే.

కొవ్వు, మాంసకృత్తులు ఆంత్రమూలానికి, అంటే చిన్న పేగు మొదటి భాగానికి, చేరగానే అక్కడి కణాలు కోలిసిస్టోకైనిన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. దాని ప్రభావంతో పిత్తాశయం ముడుచుకుని పైత్యాన్ని పేగులోకి వదులుతుంది. పరగడుపున చిన్న పేగు పైభాగంలో పైత్య లవణాల గాఢత సుమారు 3 నుంచి 5 మిల్లీమోలార్లు ఉంటే, కొవ్వున్న భోజనం తర్వాత 10 నుంచి 15 దాకా పెరుగుతుంది. మనిషికీ మనిషికీ ఈ అంకెల్లో తేడా చాలా ఉంటుంది. ఒకే మోతాదు వేసుకున్న ఇద్దరి రక్తంలో మందు వేర్వేరు మట్టాల్లో ఉండడానికి ఇదీ ఒక కారణమే.

మనిషి పైత్యంలో కాలేయమే స్వయంగా తయారుచేసే ఆమ్లాలు ప్రధానంగా రెండు, కోలిక్ ఆమ్లం, కీనోడీఆక్సీకోలిక్ ఆమ్లం. కాలేయం వీటికి గ్లైసీన్‌నో టారీన్‌నో జతచేసి లవణాలుగా పంపుతుంది. పెద్దపేగులోని బాక్టీరియా వీటిలో కొంత భాగాన్ని డీఆక్సీకోలిక్, లిథోకోలిక్ ఆమ్లాలుగా మారుస్తాయి. శరీరంలో మొత్తం పైత్య లవణాల నిల్వ 2 నుంచి 4 గ్రాములే. అంత తక్కువ సరుకుతో అంత పని జరగడానికి కారణం పునర్వినియోగం. చిన్న పేగు చివరి భాగంలో సుమారు 95 శాతం తిరిగి శోషణమై రక్తం ద్వారా కాలేయానికి చేరుతుంది. ఈ చక్రం రోజులో ఆరు నుంచి పది సార్లు తిరుగుతుంది. మలంలో పోయిన అర గ్రాము వంతును కాలేయం కొత్తగా తయారుచేసుకుంటుంది. ఈ ఆమ్లాల నిర్మాణం మీద చేసిన పనికి జర్మన్ రసాయన శాస్త్రవేత్త హైన్రిఖ్ వీలాండ్‌కు 1927 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది.

పైత్య లవణం అణువుకు ఒక ముఖం నీటిని ఇష్టపడుతుంది, రెండో ముఖం నూనెను ఇష్టపడుతుంది. తలంటుకు వాడే కుంకుడుకాయలోని సాపోనిన్ కూడా ఈ రెండు గుణాలూ ఉన్న అణువే. జిడ్డును నురుగు పట్టి తీసుకుపోయినట్టే, పేగులో పైత్య లవణాలు గుంపులు కట్టి నూనె స్వభావమున్న పదార్థాలను తమ మధ్యలో దాచుకుంటాయి. ఈ సూక్ష్మమైన గుంపులను మిసెల్స్ అంటారు. పైత్యంలోనే ఉండే లెసిథిన్, కొవ్వు జీర్ణమైనప్పుడు వచ్చే కొవ్వు ఆమ్లాలు, మోనోగ్లిజరైడ్లు కూడా వాటిలో చేరితే మిసెల్ ఉబ్బి ఇంకా ఎక్కువ సరుకు మోయగలుగుతుంది. మనిషి పేగులో కొవ్వు ఈ రూపంలోనే ప్రయాణిస్తుందని 1960లలో అలన్ హాఫ్‌మన్, బెంగ్ట్ బోర్గ్‌స్ట్రోమ్ చూపించారు.

మందుకు జరిగే మేలు

మాత్ర ఎంత మంచిదైనా పేగులోని నీటిలో కరగనిదే గోడను దాటలేదు. అందుకే 1995లో గార్డన్ అమిడాన్, ఆయన సహచరులు మందులను రెండు ప్రశ్నలతో నాలుగు తరగతులుగా విభజించారు. నీటిలో బాగా కరుగుతుందా, పేగు గోడను సులువుగా దాటుతుందా అన్నవే ఆ ప్రశ్నలు. గోడను సులువుగా దాటగలిగి, నీటిలో మాత్రం కరగని మందులు రెండో తరగతి. పైత్యం మేలు ఎక్కువగా అందేది వీటికే.

పైత్య లవణాలు ఇక్కడ మూడు విధాల పనికొస్తాయి. పొడి మందు రేణువులు నీటితో తడిసేలా చేస్తాయి. కరిగిన మందును మిసెల్‌లో దాచి, తిరిగి స్ఫటికంగా మారిపోకుండా కొంతసేపు ఆపుతాయి. పేగు గోడను అంటి ఉండే కదలని నీటి పొరను దాటించి మందును కణాల దగ్గరకు చేరుస్తాయి. అయితే మిసెల్ లోపల ఉన్న మందు నేరుగా గోడను దాటదు. మిసెల్ నుంచి బయటపడి విడిగా ఉన్న అణువే దాటుతుంది. కరిగినదంతా శోషణమవుతుందని అనుకోవడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు. మిసెల్స్ మరీ ఎక్కువై మందును గట్టిగా పట్టుకుంటే, కరిగిన మొత్తం పెరిగినా శోషణ పెరగకపోవచ్చు.

తామరకు వాడే గ్రిసియోఫల్విన్ కొవ్వున్న భోజనంతో ఎక్కువగా రక్తంలో చేరుతుందని 1961లోనే తెలిసింది. అవయవ మార్పిడి తర్వాత వాడే సైక్లోస్పోరిన్ కథ ఇంకా ముఖ్యమైనది. కాలేయ మార్పిడి జరిగిన రోగుల్లో పైత్యాన్ని గొట్టం ద్వారా బయటికి తీసేస్తున్న రోజుల్లో పాత నూనె ద్రావణం రూపంలోని ఆ మందు సరిగా శోషణం కాక వైద్యులు ఇబ్బంది పడ్డారు. 1990ల మధ్యలో వచ్చిన మైక్రోఎమల్షన్ రూపం పైత్యం మీద ఆధారపడడాన్ని బాగా తగ్గించింది. మలేరియాకు వాడిన హాలోఫాంట్రిన్ దీనికి వ్యతిరేకమైన హెచ్చరిక. కొవ్వు భోజనంతో దాని శోషణ ఎన్నో రెట్లు పెరిగి గుండె లయ చెడే ప్రమాదం ఏర్పడింది. అందువల్ల దాన్ని తిన్నాక వేసుకోవద్దన్నారు. శోషణ పెరగడం ఎప్పుడూ మంచిదే అనుకోకూడదు. ఎయిడ్స్ మందు ఎఫావిరెంజ్‌ను రాత్రి పడుకునేముందు ఖాళీ కడుపుతో వేసుకోమనడానికీ ఇదే కారణం. కొవ్వు భోజనంతో రక్తంలో మట్టం పెరిగి తలతిరుగుడు, పీడకలలు ఎక్కువవుతాయి.

బోదకాలు మాత్రలు

బోదకాలును కలిగించేది వుచెరేరియా బాంక్రాఫ్టీ అనే దారపు పురుగు. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మనిషి నుంచి మనిషికి మోస్తుంది. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో ఉంటాయి, వాటి పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి. దేశంలో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. 2004 నుంచి ప్రబలిన జిల్లాల్లో ఏటా ఊరంతటికీ మందు పంచే పద్ధతి వచ్చింది. మొదట డైఇథైల్‌కార్బమజీన్ మాత్రే ఇచ్చేవారు, 2007 నుంచి దానికి ఆల్బెండజోల్ తోడైంది. నల్లగొండ సహా తెలంగాణలోని పలు జిల్లాలు ఈ జాబితాలో ఉన్నాయి. కాలు వాచి పని చేసుకోలేని స్థితికి వచ్చినవాళ్లను రాష్ట్ర ప్రభుత్వం ఆసరా పింఛన్లలో చేర్చింది.

డైఇథైల్‌కార్బమజీన్‌కూ తెలుగువారికీ ఒక బంధం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లే ప్రయోగశాలలకు పరిశోధన విభాగం అధిపతిగా ఉన్న రోజుల్లో, 1947లో, ఆయన బృందం దీన్ని హెట్రజాన్ పేరుతో వెలుగులోకి తెచ్చింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశారు. ఏడు దశాబ్దాల తర్వాత కూడా ఆ మందే నల్లగొండ గడపల్లో చేతికందుతోంది. ఈ మందు నీటిలో చాలా బాగా కరుగుతుంది. ఒకటి రెండు గంటల్లో దాదాపు మొత్తంగా శోషణమవుతుంది. దీనికి పైత్యం సాయం అక్కర్లేదు.

ఆల్బెండజోల్ అలా కాదు. నీటిలో అది దాదాపు కరగదు. మామూలుగా వేసుకున్న 400 మిల్లీగ్రాముల మోతాదులో రక్తంలోకి చేరేది 5 శాతం లోపే. చేరినది కాలేయంలో ఆల్బెండజోల్ సల్ఫాక్సైడ్‌గా మారి పురుగు మీద పనిచేస్తుంది. సుమారు 40 గ్రాముల కొవ్వున్న భోజనంతో వేసుకుంటే రక్తంలో ఈ సల్ఫాక్సైడ్ మట్టం పరగడుపున వేసుకున్నప్పటి కంటే ఐదు రెట్ల దాకా పెరుగుతుంది. ఆ పెరుగుదల వెనక ఉన్నది ప్రధానంగా పైత్య మిసెల్స్, అవి మోసే కొవ్వు.

ఇదే మాత్రను 2015 నుంచి జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరుతో బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు చప్పరించి నమలమని ఇస్తున్నారు. అక్కడ పురుగులు పేగులోనే ఉంటాయి. మందు రక్తంలోకి వెళ్లకుండా పేగులో నిలిస్తేనే పని జరుగుతుంది, తక్కువ శోషణ అక్కడ లోపం కాదు. బోదకాలు పురుగు ఉండేది శోషరస నాళాల్లో కాబట్టి అక్కడికి చేరాలంటే మందు పేగు గోడను దాటాల్సిందే. మాత్ర ఒకటే, మోతాదూ ఒకటే. పైత్యం అవసరం మాత్రం జబ్బును బట్టి మారుతోంది. ఈ తేడాను పల్లెల్లో మాత్రలు పంచే ఆశా కార్యకర్తలకు వివరంగా చెప్పడం అవసరమని ఈ వ్యాసకర్త గట్టిగా నమ్ముతున్నారు.

పంపిణీ చేసేవాళ్లు ఖాళీ కడుపుతో వద్దంటారు. ‘బువ్వ తిన్నంక ఏసుకో’ అని చెప్పి, తమ ఎదుటే మింగించాలన్నది నియమం. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లకు ఇవ్వరు. తిన్నాక అన్న నియమానికి మొదటి కారణం ఖాళీ కడుపుతో వచ్చే వికారం, వాంతులు, తలతిరుగుడు తగ్గించడమే. ఆల్బెండజోల్ శోషణ పెరగడం దానితో పాటు దక్కే ఫలితం.

‘తిన్నాక’ అంటే ఏం తిన్నాక

మందుల పరీక్షల్లో ‘కొవ్వు భోజనం’ అన్నదానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఒక కొలత పెట్టింది. మొత్తం 800 నుంచి 1000 కేలరీలు, అందులో దాదాపు సగం కొవ్వు నుంచే రావాలి. వారి ఉదాహరణలో వెన్నలో వేయించిన రెండు గుడ్లు, రెండు ముక్కల పందిమాంసం, వెన్న రాసిన రెండు రొట్టెలు, వేయించిన ఆలుగడ్డ, ఒక గ్లాసు చిక్కటి పాలు ఉంటాయి. ఆల్బెండజోల్‌కు ఐదు రెట్ల పెరుగుదల కనిపించింది ఇలాంటి కొవ్వున్న భోజనంతోనే.

నారాయణపేటలోనో దేవరకొండలోనో ఒక కూలి కుటుంబం పొద్దున తినేది జొన్న రొట్టె, పప్పు, పచ్చిపులుసు, లేదంటే గటుక. నూరు గ్రాముల జొన్నల్లో కొవ్వు సుమారు 2 గ్రాములు, కందిపప్పులోనూ దాదాపు అంతే. మిగతాదంతా తాలింపు నూనె. 40 గ్రాముల కొవ్వంటే మూడు పెద్ద చెంచాల నూనెకు దగ్గర, అది ఒక్క పూట ఒక్కరి కంచంలోకి రాదు. అన్నం తిన్నాకే మాత్ర వేసుకున్నా, పిత్తాశయం ముడుచుకునే తీరు, పైత్యం వచ్చే మోతాదు అమెరికన్ పరీక్షలోని మనిషితో సమానంగా ఉంటాయని అనుకోలేం. పప్పులోని మాంసకృత్తులు కొంత పైత్యాన్ని రప్పిస్తాయి, నిజమే. అయినా మిసెల్‌ను ఉబ్బించే కొవ్వు ఆమ్లాలు కావలసినంత ఉండవు.

పాలమూరు (మహబూబ్‌నగర్) పక్క నూనె గింజలకు కొదవ లేదు. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల్లో వేరుశనగ ప్రధానమైన పంట. పల్లీల బరువులో దాదాపు సగం నూనే. 80 గ్రాముల పల్లీల్లో ఆ 40 గ్రాముల కొవ్వు ఉంటుంది. పల్లి చట్నీ, పల్లీలు వేసిన పులుసు, పల్లి పట్టీ ఇక్కడి తిండిలో ఉన్నవే. మాత్ర ఇచ్చే రోజు ఏం తినాలో ఎవరైనా స్థానికంగా పరీక్షించి చెప్పదలిస్తే మొదలుపెట్టాల్సింది ఇక్కడినుంచే. అయితే శోషణ పెరిగితే దుష్ప్రభావాలూ పెరగవచ్చు కాబట్టి, పరీక్ష లేకుండా ఎవరికి వారు మోతాదు, తిండి మార్చుకోవడం తగదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో కమలా కృష్ణస్వామి 1970ల నుంచి పోషకాహార లోపమున్నవారిలో మందుల శోషణ, జీవక్రియ ఎలా మారతాయో పరిశీలించారు. మందు మోతాదులు బలిష్ఠుల మీద నిర్ణయమై బలహీనుల చేతికి వస్తున్నాయన్న ఆందోళన ఆ పనికి పునాది. పైత్యం విషయంలో కూడా అది పూర్తిగా వర్తిస్తుంది. తీవ్రమైన పోషకాహార లోపమున్న పిల్లల పేగుల్లో పనికొచ్చే పైత్య లవణాలు తగ్గుతాయని గ్వాటెమాలాలో 1970లలో చేసిన పరిశీలనల్లో తేలింది.

పైత్యం రానప్పుడు

పైత్య నాళంలో రాయి అడ్డుపడినా, గడ్డ వచ్చినా పైత్యం పేగుకు చేరదు. పల్లెల్లో పసిరికలు అనే పచ్చకామెర్లలో ఒక రకం ఇది. ఈ స్థితిలో కొవ్వులో కరిగే ఏ, డీ, ఈ, కే విటమిన్లు శోషణం కావు. కే విటమిన్ తగ్గితే రక్తం గడ్డకట్టదు. అందుకే అలాంటి రోగికి శస్త్రచికిత్సకు ముందు కే విటమిన్‌ను మాత్రగా కాక సూదిగా ఇస్తారు. ఇక్కడ మాత్ర ఎంత మింగినా లాభం తక్కువ. పిత్తాశయం తీసేసినవాళ్లలో మాత్రం కాలేయం నుంచి పైత్యం కొద్దికొద్దిగా పేగులోకి కారుతూనే ఉంటుంది. మందుల శోషణ ఆగిపోదు.

కొవ్వులో కరిగే డీ విటమిన్ మాట నల్లగొండలో మరో జబ్బు దగ్గర కూడా వస్తుంది. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల ఎముకలు వంగిపోయిన నల్లగొండ కథ అందరికీ తెలిసినదే. మర్రిగూడ, మునుగోడు వంటి మండలాల పేర్లు ఫ్లోరోసిస్‌తోనే బయటి ప్రపంచానికి చేరాయి. జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ఈ ప్రాంతంలో కాళ్లు మోకాళ్ల దగ్గర లోపలికి వంగే జబ్బును లాన్సెట్ పత్రికలో వివరించారు. ఎముకల బలానికి ఇచ్చే డీ విటమిన్ పైత్య మిసెల్స్‌లోనే ప్రయాణిస్తుంది. కొవ్వు ఉన్న భోజనంతోనో పాలతోనో ఇస్తే బాగా అందుతుంది. కాల్షియం లెక్క వేరు. పేగులో అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని కరగని రూపంలోకి మార్చి శోషణను తగ్గిస్తుంది, దానికి పైత్యం ప్రమేయం లేదు.

అడ్డుపడే సందర్భాలు

పైత్య లవణాలకు రుణావేశం ఉంటుంది. ధనావేశమున్న మందులను అవి పట్టుకుని వదలకపోవచ్చు. రక్తపోటు మందు నాడొలాల్ ఇలాగే పైత్య లవణాలతో జతకట్టి తక్కువగా శోషణమవుతుంది. నియోమైసిన్ ఇంకొక అడుగు ముందుకేసి పైత్య లవణాలనే అవక్షేపంగా మారుస్తుంది. కొవ్వు శోషణ దెబ్బతిని కొలెస్టరాల్ కూడా తగ్గుతుంది. కొలెస్టరాల్‌కు వాడే కోలెస్టైరమీన్ పొడి ఉద్దేశపూర్వకంగానే పైత్య లవణాలను బంధిస్తుంది. అదే సమయంలో వేసుకున్న థైరాయిడ్ మాత్రను, వార్ఫరిన్‌ను, డిజాక్సిన్‌ను కూడా పట్టేస్తుంది. అందుకే వేరే మందులను దానికి గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోమంటారు.

‘పరగడుపున’ అన్న ప్రతి సూచనా పైత్యం వల్లే కాదు. క్షయకు వాడే రిఫాంపిసిన్‌ను భోజనంతో వేసుకుంటే రక్తంలో దాని గరిష్ఠ మట్టం తగ్గుతుంది, పొట్ట నెమ్మదిగా ఖాళీ కావడం ఇందుకు ఒక కారణం.

కర్మాగారంలో పైత్యం

చౌటుప్పల్‌లో దివీస్ 1995లో తొలి కర్మాగారం పెట్టింది. మిర్యాలగూడ దగ్గర డాక్టర్ రెడ్డీస్ ముడి మందుల యూనిట్ ఉంది. జడ్చర్ల మండలం పోలేపల్లి ప్రత్యేక ఆర్థిక మండలిలో అరబిందో, హెటిరో వంటి సంస్థలు మాత్రలు తయారుచేస్తాయి.

దివీస్‌కు పేరు తెచ్చిన నాప్రాక్సెన్ నొప్పి మందు. అదీ నీటిలో తక్కువే కరుగుతుంది కానీ ఆమ్ల స్వభావం వల్ల చిన్న పేగులోని తక్కువ ఆమ్లత్వంలో సులువుగా కరిగిపోతుంది, పైత్యం కోసం ఎదురుచూడదు. అలా కరగని మందులకు పరిశోధన దశలో కృత్రిమ పేగు రసాలు వాడతారు. జెనిఫర్ డ్రెస్‌మన్ బృందం 1998లో ప్రచురించిన తయారీ సూత్రం ఈ రంగంలో స్థిరపడిపోయింది. పరగడుపు రసంలో సోడియం టారోకోలేట్ 3 మిల్లీమోలార్లు, లెసిథిన్ 0.75. భోజనం తర్వాతి రసంలో అవి 15, 3.75. ఆమ్లత్వం మొదటిదానిలో 6.5 పీహెచ్, రెండోదానిలో 5.

రోజువారీ నాణ్యత పరీక్షల్లో ఇది కుదరదు. శుద్ధమైన టారోకోలేట్ ఖరీదైనది, రసాన్ని ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకోవాలి. ప్రతి బ్యాచ్ మాత్రలను 37 డిగ్రీల వేడిలో తెడ్డు తిరిగే పాత్రల్లో వేసి కరిగిస్తారు. కరగని మందైతే పైత్యానికి బదులు సోడియం లారిల్ సల్ఫేట్ అనే సబ్బు రసాయనం కలుపుతారు. అది మాత్ర మాత్రకూ మధ్య తేడాను పట్టిస్తుంది గాని మనిషి పేగులో ఏం జరుగుతుందో చెప్పదు. ఆ సమాధానం కోసం మనుషుల మీదే పరగడుపున ఒకసారి, కొవ్వు భోజనం తర్వాత ఒకసారి రక్తం తీసి పోలుస్తారు. ఎగుమతి చేసే జనరిక్ మందుల్లో చాలావాటికి ఈ రెండు పరీక్షలూ అడుగుతారు. భోజనం ఎక్కువగా పైన చెప్పిన వెన్న, గుడ్ల కొలత ప్రకారమే ఉంటుంది. జొన్న రొట్టెతో, పప్పుతో, పల్లి చట్నీతో అదే ఆల్బెండజోల్ ఎంత శోషణమవుతుందో కొలవడానికి కావలసిన పరికరాలు, నిపుణులు హైదరాబాద్‌లోనూ, ఈ రెండు జిల్లాల అంచునా ఇప్పటికే ఉన్నారు. బీబీనగర్‌లోని ఎయిమ్స్ కూడా దగ్గరలోనే ఉంది.